మిల్లు ఆగిన ఊళ్లో మాట

మంజీర మీద నిజాంసాగర్ కట్టాక కాలువ నీళ్లు బోధన్ రేగడి నేలలకు చేరాయి. నీళ్ల వెంట చెరకు, చెరకు వెంట 1937లో నిజాం షుగర్ ఫ్యాక్టరీ వచ్చాయి. ఆసియాలోనే పెద్దదని నిజామాబాద్ జిల్లా అంతా గర్వంగా చెప్పుకున్న మిల్లు అది. దాని చుట్టూ శక్కర్‌నగర్ వెలిసింది. తెలుగు, ఉర్దూ, మరాఠీ ఒకే షిఫ్టులో వినబడేవి.

అక్కడ తగువులు లేవా? బోలెడు. కాటా దగ్గర తూకం మీద రైతు గొంతు లేచేది. యూనియన్ ఎన్నికలొస్తే జెండాకో వర్గం. అయినా రాత్రి తిట్టుకున్న ఇద్దరూ సైరన్ మోగగానే ఒకే బాయిలర్ ముందు నిలబడాల్సిందే. ఒకడు ఏమరుపాటుగా ఉంటే రెండోవాడి చెయ్యి కాలుతుంది. రేపు ఇతనితో పనుందన్న ఎరుకే నోటిని అదుపులో పెట్టేది.

2002లో ప్రభుత్వం 51 శాతం వాటాను ప్రైవేటుకు అప్పగించింది. 2015 డిసెంబర్‌లో బోధన్, మెట్‌పల్లి, మెదక్ యూనిట్లు మూడూ మూతపడ్డాయి. రైతులు వరికి మళ్లారు, కార్మికులు చెల్లాచెదురయ్యారు, మాట ఫోన్లలోకి చేరింది. మిల్లును ముంచిందెవరు? అమ్మినవాళ్లా, మూసినవాళ్లా, తెరిపిస్తామని ఓట్లడిగినవాళ్లా? న్యాయమైన ప్రశ్నే. వాట్సాప్ గ్రూపులో అది ప్రశ్నగా మిగలదు. ఎదుటివాడి ముఖం కనబడదు. చూస్తున్న వందమందిలో మనవాళ్ల మెప్పు కావాలి. జవాబు ఆలస్యమైతే ఓడినట్టే లెక్క. రెండో మెసేజ్‌కు పార్టీ, మూడోదానికి కులమో మతమో దిగుతాయి.

అలాంటి మాట ఎంత దూరం పోతుందో ఈ జిల్లా 2018 మేలో చూసింది. పిల్లల్ని ఎత్తుకుపోయే ముఠాలు తిరుగుతున్నాయని ఫార్వర్డులు ఊరూరా పాకాయి. భీమ్‌గల్ మండలంలో ఓ అమాయకుణ్ణి అనుమానంతో కొట్టి చంపారు. ఆ జులైలో వాట్సాప్, మన దేశంలో ఒక మెసేజ్‌ను ఒకేసారి ఐదు చాట్లకు మించి పంపకుండా కట్టడి చేసింది. గద్వాలలో ఎస్పీ రెమా రాజేశ్వరి మరో దారి పట్టారు. ఊరికో పోలీసును కేటాయించి, కళాకారుల పాటలతో పుకారును జనం మధ్యే తేల్చేశారు. అక్కడ ప్రాణం పోలేదు.

ముఖం చూసి మాట్లాడే అవసరాన్ని ఇప్పుడు మనమే కల్పించుకోవాలి. కోపం తెప్పించిన మెసేజ్‌కు గ్రూపులో బదులివ్వకుండా ఆ మనిషికే ఫోన్ చేయాలి. 'నీకెవరు చెప్పిండ్రన్నా?' అని అడగాలి. అతని మాటను ఖండించాలి, పుట్టుకను ఎత్తకూడదు.

2019లో మిల్లు ఆస్తుల విక్రయానికి జాతీయ కంపెనీ లా ట్రిబ్యునల్ (ఎన్‌సీఎల్‌టీ) ఆదేశమిచ్చింది. ఆ వార్త మీద కూడా గ్రూపుల్లో ఒకరినొకరు తిట్టుకున్నవాళ్లే ఎక్కువ. మళ్లీ తెరవమని గట్టిగా అడగాలంటే అన్ని జెండాలవాళ్లూ ఒకే అర్జీ మీద సంతకం పెట్టాలి. నిన్న ఒకరి తల్లిని తిట్టి, ఇవాళ వాళ్ల చేతికి పెన్ను ఎలా ఇస్తాం?