ధాత కరువు నాటి తీగలు

1876 మార్చి 7న అలెగ్జాండర్ గ్రాహం బెల్‌కు టెలిఫోను పేటెంటు దక్కింది. మరి మూడు రోజులకు బోస్టన్‌లో ఆయన పక్క గదిలో ఉన్న వాట్సన్‌ను తీగ మీదుగా పిలిచాడు. మన పంచాంగంలో అవి యువ నామ సంవత్సరపు చివరి దినాలు. ఆ నెలాఖరులోనే ఉగాదితో ధాత ప్రవేశించింది. కర్నూలు, కడప సీమల్లో ధాత అన్నది కరువు పేరు. 1871, 1881 జనాభా లెక్కల మధ్య కర్నూలు జిల్లా తన జనంలో నాలుగో వంతుకు పైగా కోల్పోయింది.

అప్పటికే కడపకు రైలు ఉంది, పట్టాల వెంట తంతి ఉంది. కర్నూలుకు రైలు లేదు. స్టేషనులో దిగిన ధాన్యం లోపలి ఊళ్ళకు ఎద్దుబండ్ల మీదనే పోవాలి. మేత లేక ఎద్దులే చస్తున్న రోజులవి. ధరల కబురు మాత్రం గంటల్లో చేరేది.

ఆ తంతికి తెలుగు రాదు. మోర్సు సంకేతాలు రోమను అక్షరాలకే ఉండేవి. తెలుగువాడు తెలుగులో కబురు పంపదలిస్తే దాన్ని రోమను లిపిలోకి మార్చి రాయించుకోవాలి. (ఆర్‌టీఎస్‌తో కుస్తీ పట్టినవారికి ఆ బాధ వేరే చెప్పనక్కరలేదు.) టెలిఫోనుకు ఆ పేచీ లేదు. నోట ఏ భాష పలికితే అదే అవతలి చెవిన పడుతుంది.

1882 జనవరి 28న కలకత్తా, బొంబాయి, మద్రాసులలో ఓరియంటల్ టెలిఫోన్ కంపెనీ ఎక్స్ఛేంజీలు లాంఛనంగా ప్రారంభమయ్యాయి. మద్రాసు ఎక్స్ఛేంజి వెలసిన వీధి పేరు ఎర్రబాలు చెట్టి వీధి. ఆ పేరులోని తెలుగుదనం చూసి నేను మురిసిపోయిన మాట నిజమే. కాని ఆ తీగలు పట్నం దాటి రాలేదు. సుంకేసుల దగ్గర తుంగభద్ర నీటిని మళ్ళించే కర్నూలు – కడప కాలువను ప్రభుత్వం కంపెనీ నుంచి కొన్నదీ ఆ ఏడాదే. మన సీమకు అప్పుడు దక్కింది అదీ.

రాకపోవడానికి వర్తకమొక్కటే కారణం కాదు. తంతికి కావలసింది విద్యుత్తు ఉందా, లేదా అన్నంత మటుకే. దారిలో సంకేతం నీరసిస్తే, మధ్యలో ఒక రిలే పెట్టి కొత్త బ్యాటరీ బలంతో మళ్ళీ పంపవచ్చు. మాట అలా కాదు. గొంతులోని ప్రతి వంపునూ తీగలోని విద్యుత్తు హెచ్చుతగ్గులుగా మోయాలి. ఆనాటి పద్ధతి ఒంటి ఇనుప తీగ, తిరుగుదారికి నేల. ఆ నేలలో పాతిన పలకకు తేమ తగలాలి. మన సీమ మండువేసవిలో అదెంత దుర్లభమో చెప్పాలా! పైగా దూరం పెరిగేకొద్దీ ధ్వని మసకబారుతుంది. దాన్ని బలపరిచే శూన్యనాళిక దూరపు లైన్లలో పనికి వచ్చేసరికి 1910లు దాటుతున్నాయి. 1915లో న్యూయార్కు శాన్‌ఫ్రాన్సిస్కోతో మాట్లాడింది దాని చలవతోనే. 1882 నాటికి మద్రాసు నుంచి కడప రైలుదారిన సుమారు 250 కిలోమీటర్లు. కార్బను ట్రాన్స్‌మిటర్ ముందు ఎంత గొంతు చించుకున్నా అంత దూరం వినబడదు.

అందుకని పట్నంలో షావుకారు పక్క వీధి గోదాముతో తన భాషలో మాట్లాడుతున్న రోజుల్లో, కడప రైలు స్టేషనులో తంతి గుమాస్తా ఇంకా మాటలు లెక్కపెట్టి, రోమను అక్షరాలలో కబురు కొడుతూనే ఉన్నాడు.