కంతలు మూసిన కథ

పికెట్ నాలా పొంగిందంటే సికింద్రాబాద్ మెకానిక్ షెడ్లకు ఒకే రకం బండ్లు వరసగా వస్తాయి. నీళ్లలో ఆగిపోయాక ఓనరు కంగారుపడి మళ్లీ సెల్ఫ్ కొట్టిన బండ్లవి. టక్‌మని ఒక చప్పుడు, ఆ తర్వాత ఇంజిన్ కదలదు. గాలిని పీల్చే దారిలోంచి నీళ్లు సిలిండర్‌లోకి చేరాయన్నమాట. గాలిని పిస్టన్ నొక్కగలదు, నీళ్లను నొక్కలేదు. పైకొచ్చే పిస్టన్‌కు గుక్కెడు నీళ్లు అడ్డం పడితే చాలు, ఉక్కు కనెక్టింగ్ రాడ్ వంగిపోతుంది. ఆపైన ఇంజిన్ మొత్తం విప్పాల్సిందే. 2000 ఆగస్టులో ఒక్కరోజే 24 సెంటీమీటర్లు, 2020 అక్టోబర్‌లో సుమారు 19 సెంటీమీటర్ల వాన బేగంపేటలో నమోదైంది. అలాంటి వానలు పడే ఊళ్లో ఇంజిన్ ఎక్కడి నుంచి గాలి పీలుస్తుందో తెలుసుకోవడం ఫోర్ వీల్ డ్రైవ్ సరదా ఉన్నవాళ్లకే పరిమితమైన విషయం కాదు.

చాలా బండ్లలో ఆ గాలి దారి హెడ్‌లైటు వెనక, బంపరుకు కాస్త పైన మొదలవుతుంది. దాన్ని టాపు ఎత్తుకు తీసుకెళ్లే గొట్టమే స్నార్కెల్. థార్, జిప్సీల పక్కన నల్లగా నిలబడి కనిపించేది అదే. చూస్తే ఒట్టి గొట్టం. కానీ ఈ గొట్టం చరిత్ర తిరగేస్తే నాకు ప్రతి మలుపులోనూ ఒకటే కనిపిస్తుంది. గొట్టం నిలబెట్టడం ఎవరికీ పెద్ద కష్టం కాలేదు. మిగతా కంతలన్నీ మూయడమే అందరినీ ఏడిపించింది.

మొదలు సముద్రంలో. జలాంతర్గామికి నీటి అడుగున డీజిల్ ఇంజిన్ పనికిరాదు, దానికి గాలి కావాలి. అడుగున బ్యాటరీలతో నడిచి, అవి అయిపోగానే ఛార్జింగ్ కోసం పైకి తేలాలి. తేలితే శత్రువు కంటపడుతుంది. డచ్ నౌకాదళ అధికారి యాన్ యాకోబ్ విఖర్స్ 1930ల్లో దీనికి గాలి గొట్టంతో మార్గం చూపాడు. ఓ-19, ఓ-20 అనే డచ్ జలాంతర్గాములు ఆ గొట్టంతో తయారయ్యాయి. 1940లో హాలండ్‌ను ఆక్రమించిన జర్మన్ల చేతికి ఆ పరికరం చిక్కింది. వాళ్లు వెంటనే వాడలేదు. యుద్ధం ఎదురుతిరిగాక, 1943 తర్వాత, తమ యూ-బోట్లకు బిగించారు. గొట్టం కొసన ఒక తేలే వాల్వు ఉండేది. అల వచ్చి మీద పడగానే అది మూసుకునేది. నీళ్లు రాకుండా ఆగేవి, కానీ ఇంజిన్ ఆగదు కదా, లోపలున్న గాలినే లాగేసేది. మనుషుల చెవులు పగిలేంత నొప్పి పుట్టేది. నీటిని ఆపే మూత గాలినీ ఆపేస్తుందన్న చిక్కు అప్పుడే తెలిసొచ్చింది.

ఈలోగా నేలమీద సైన్యం కూడా అదే దారి పట్టింది. ఇంగ్లండ్ మీదికి దండెత్తాలని 1940లో జర్మనీ కొన్ని ట్యాంకులను సముద్రపు అడుగున నడిచేలా మార్చింది. పొడవాటి రబ్బరు గొట్టం, దాని కొసన నీటిమీద తేలే బుడ్డి. ఇంగ్లండ్ దండయాత్ర జరగలేదు గానీ, 1941 జూన్ 22న ఆ ట్యాంకులే సోవియట్ సరిహద్దులో బుగ్ నది అడుగున నడిచి అవతలి ఒడ్డెక్కాయి. గొట్టం సంగతి అలా ఉంచండి. టరెట్ తిరిగే చోట చుట్టూతా సందు ఉంటుంది. అక్కడ గాలి నింపి ఉబ్బించే రబ్బరు ట్యూబును చుట్టారు. పొగ గొట్టానికి లోపలి పొగ బయటికి పోనిచ్చి, బయటి నీటిని లోపలికి రానివ్వని వాల్వు పెట్టారు. అసలు బుర్ర పెట్టిన చోట్లు ఇవీ.

మిత్రదేశాల వాళ్లకు ఈ పాఠం ఒడ్డున ఎదురైంది. పడవలోంచి దిగిన బండి మెడలోతు నీళ్లలో నడిచి ఇసుక ఎక్కాలి. 1944 జూన్‌లో నార్మండీ ఒడ్డుకు దిగే ముందు వేలాది జీపులకు, లారీలకు, ట్యాంకులకు నీళ్లు చొరకుండా ముస్తాబు చేశారు. విల్లీస్ జీపుకు కార్బురేటర్ గాలి గొట్టం, సైలెన్సర్ గొట్టం రెండూ ముందు అద్దం ఎత్తుకు లేపారు. అది ఒక పూట పని. ఆ తర్వాత డిస్ట్రిబ్యూటర్, స్పార్క్ ప్లగ్గులు, వైర్ల కొసలు, డిప్‌స్టిక్ కంత, ఇంధనం ట్యాంకు మూత, ఒక్కొక్కదాన్నీ ఆస్‌బెస్టాస్ కలిపిన గ్రీజు ముద్దతో చేత్తో మెత్తారు. అలా మూసిన బండి ఎక్కువ దూరం నడవకూడదు, ఇంజిన్ వేడెక్కిపోతుంది. ఒడ్డెక్కగానే ఆ ముద్దంతా పీకేయాలి. ఈ పనికి బాధ్యత వహించినవాళ్లలో ముఖ్యులు 1942లో ఏర్పడిన బ్రిటిష్ సైన్యపు మరమ్మతుల దళం వాళ్లు.

దాని నమూనాలోనే 1943లో భారత సైన్యంలోనూ ఒక దళం పుట్టింది. అదే ఈఎంఈ. ఆ దళపు కాలేజీ ఎంసీఈఎంఈ మన తిరుమలగిరిలో ఉంది. సికింద్రాబాద్‌లో జీపు గురించి ఇంతమందికి ఇంత తెలియడానికి కంటోన్మెంట్ కారణమని నా నమ్మకం. సైన్యం వేలం వేసిన జీపులు, సైన్యంలో పని నేర్చి రిటైరైన మెకానిక్‌లు, వాటికి సామాన్లు దొరికే రాణీగంజ్, మూడూ కూతవేటు దూరంలో ఉన్న ఊళ్లు దేశంలో ఎన్నో లేవు.

జీపుకు హైదరాబాద్‌తో ఇంకో చుట్టరికమూ ఉంది. భారత్‌లో విల్లీస్ జీపును తయారుచేసిన కంపెనీ 1945లో మహీంద్రా అండ్ మొహమ్మద్ పేరుతో మొదలైంది. ఆ మొహమ్మద్, అంటే మాలిక్ గులాం మొహమ్మద్, అంతకు ముందు నిజాం ప్రభుత్వంలో ఆర్థిక వ్యవహారాలు చూశాడు. దేశ విభజన తర్వాత పాకిస్తాన్ వెళ్లి అక్కడ ఆర్థిక మంత్రి, ఆపైన గవర్నర్ జనరల్ అయ్యాడు. 1948లో కంపెనీ మహీంద్రా అండ్ మహీంద్రా అయింది.

గొట్టం పెట్టిన సైనిక బండి మన దగ్గరే తయారవుతుందని చాలామందికి తెలియదు. సంగారెడ్డి జిల్లా ఎద్దుమైలారంలోని ఆర్డ్‌నెన్స్ ఫ్యాక్టరీలో 1987 నుంచి బీఎంపీ-2 బండ్లు తయారవుతున్నాయి. మన సైన్యం వాటిని శరత్ అంటుంది. పద్నాలుగు టన్నుల బరువున్న ఆ బండి నీళ్లమీద తేలుతుంది, ట్రాకులు తిప్పుకుంటూ గంటకు ఏడు కిలోమీటర్ల వేగంతో పోతుంది. నీళ్లలోకి దిగే ముందు ముక్కు దగ్గర అల కొట్టకుండా ఒక పలక లేస్తుంది, గాలి కోసం పైన ఒక గొట్టం లేస్తుంది. ఎంత మూసినా ఊరే నీళ్లను తోడిపోసే పంపులూ లోపల ఉంటాయి. నాకు ఇందులో బాగా నచ్చేది ఆ పంపులే. కంతలన్నీ మూశామని తయారుచేసినవాళ్లు భ్రమపడలేదు.

రైతులకైతే ఇందులో కొత్తేమీ లేదు. దమ్ము చేసే ట్రాక్టర్‌ను చూడండి. కేజ్ వీల్స్‌తో బురదలో సగం దిగి తిరుగుతుంది. దాని గాలి గొట్టం, పొగ గొట్టం బానెట్ మీద నిటారుగా ఉంటాయి. గొట్టం కొసన ఉండే గుండ్రటి బుడ్డిలో గాలి గిరగిరా తిరిగి దుమ్ము పక్కకు పడిపోతుంది. ఆస్ట్రేలియాలో ల్యాండ్ క్రూయిజర్లకు ఈ గొట్టాలు అంతగా పాకిపోవడానికి కూడా నీళ్లెంత కారణమో దుమ్మూ అంతే కారణం. ముందు బండి లేపే దుమ్ము చక్రాల ఎత్తులో దట్టంగా ఉంటుంది, టాపు ఎత్తులో పలుచగా ఉంటుంది. ఫిల్టర్ ఎక్కువ కాలం మన్నుతుంది.

ఇక సొంతంగా బిగించే పని. కిట్టు కొంటే కాగితం అచ్చు ఒకటి ఇస్తారు. దాన్ని ఫెండర్ మీద టేపుతో అంటించి, డ్రిల్లు పట్టుకునే ముందు లోపలి ప్లాస్టిక్ లైనింగ్ విప్పి వెనకాల ఏముందో చూడాలి. వైరింగ్ కట్ట, అద్దం కడిగే నీళ్ల ట్యాంకు సరిగ్గా అక్కడే ఉండొచ్చు. మొదట సన్నటి బిట్‌తో గుర్తు కంత వేసి, ఆ తర్వాత హోల్ సా పెట్టి మెల్లగా తిప్పాలి. రేకు బిళ్ల ఊడి పడ్డాక అంచులో గరుకు లేకుండా ఆకురాయితో రుద్ది, రెడాక్సైడ్ పూసి, పైన పెయింటు వేసి ఆరనివ్వాలి. దాన్ని వదిలేస్తే రెండు వానాకాలాల్లో ఫెండర్ అక్కణ్నుంచే తుప్పు పడుతుంది. గొట్టాన్ని ముందు ఉత్తినే పెట్టి చూసుకుని, తర్వాతే బోల్టులు బిగించి, పై భాగాన్ని అద్దం పక్క స్తంభానికి క్లాంపుతో పట్టించాలి.

ప్లంబింగ్ షాపు పీవీసీ పైపుతో ఇంట్లోనే చేసేవాళ్లూ ఉన్నారు. చెయ్యొచ్చు, కానీ లోపలి వ్యాసం కంపెనీ ఇచ్చిన గాలి దారికంటే తగ్గకూడదు, పదునైన ఎల్బోలు ఎక్కువైతే ఇంజిన్‌కు ఊపిరి సరిపోదు. ఎండకు ఆ పైపు పెళుసెక్కి జాయింటు దగ్గర చీలుతుంది. పగిలిన గొట్టం కంటే అసలు గొట్టం లేకపోవడమే నయం. లేనప్పుడు నీళ్లు చూసి ఆగుతాం, ఉందనుకుంటే దిగుతాం.

చాలామంది గొట్టం నిలబడగానే పని అయిపోయిందనుకుంటారు. ఎయిర్ ఫిల్టర్ డబ్బా అడుగున నీళ్లు కారిపోవడానికి కంపెనీయే పెట్టిన చిన్న కంత ఒకటి ఉంటుంది. దాన్ని వదిలేస్తే ఇంజిన్ నీళ్లను అక్కణ్నుంచే తాగుతుంది, పైన గొట్టం ఎంత ఎత్తున్నా ప్రయోజనం లేదు. దాన్ని మూయాలి, డబ్బా మూత అంచుకు సీలు సరిచూడాలి, ప్రతి జాయింటుకు హోస్ క్లిప్పు, అవసరమైన చోట సిలికాన్ పేస్ట్. తర్వాత పరీక్ష. ఇంజిన్‌ను ఐడ్లింగ్‌లో ఉంచి, గొట్టం మూతిని చదునైన చెక్కముక్కతో ఒక్క క్షణం పూర్తిగా మూయాలి. చేతిని పెట్టకపోవడమే మంచిది, లాగుడు గట్టిగా ఉంటుంది. ఇంజిన్ తడబడి ఆగిపోతే జాయింట్లు గట్టిగా ఉన్నట్టు. ఏమీ పట్టనట్టు నడుస్తూనే ఉంటే గాలి ఎక్కణ్నుంచో దూరుతోంది, గాలి దూరే చోట నీళ్లూ దూరతాయి.

డీజిల్ బండికి ఇంతవరకు వస్తే చాలావరకు వచ్చినట్టే. పెట్రోల్ జిప్సీకైతే స్పార్క్ ఇచ్చే సరంజామా తడవకుండా చూడటం ఇంకో పెద్ద పని. అలాగే చట్టం సంగతి. మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ కంపెనీ ఇచ్చిన రూపాన్ని మార్చడాన్ని నియంత్రిస్తుంది, 2019 జనవరిలో సుప్రీంకోర్టు దాన్ని గట్టిగా చెప్పింది. బిగించే ముందు ఆర్టీవో ఆఫీసులో అడగడం మంచిది. ఈ తంటా వద్దనుకునేవాళ్లకు 2021 ఫోర్స్ గూర్ఖా గొట్టంతోనే ఫ్యాక్టరీలోంచి వచ్చింది, 700 మిల్లీమీటర్ల లోతు నీళ్లకు కంపెనీ భరోసా ఇచ్చింది. అది నిలిచిన నీళ్ల లెక్క. పారే నీళ్లు రెండడుగులుంటే చాలా బండ్లను పక్కకు నెట్టేస్తాయి, ఆ తోపుడును ఏ గొట్టమూ ఆపలేదు.

ఇంకో కంత మిగిలింది, దాన్ని అనుభవమున్నవాళ్లు కూడా మరిచిపోతుంటారు. డిఫరెన్షియల్, గేర్‌బాక్స్ లోపలి ఒత్తిడి బయటికి పోవడానికి సన్నటి బ్రీదర్లు ఉంటాయి. దూరం నడిచి వేడెక్కిన డిఫరెన్షియల్ చల్లటి నీళ్లలో దిగగానే లోపలి గాలి కుంచించుకుని బ్రీదర్‌లోంచి, సీలు అంచుల్లోంచి నీటిని లోపలికి లాగుతుంది. వాటికి సన్నటి రబ్బరు పైపులు తొడిగి ఇంజిన్ వెనక గోడ పైభాగానికి కట్టేయాలి. రాణీగంజ్‌లో ఆ పైపు మీటరు లెక్కన దొరుకుతుంది, ఖర్చు కిట్టులో పదో వంతు కూడా కాదు. లోతు నీళ్లలో దిగి వచ్చిన బండికి మర్నాడు డిఫరెన్షియల్ నట్టు వదులు చేసి నూనె చూడండి. పాలు కలిపిన టీ రంగులో ఉంటే బండి కదిలించకుండా నూనె మార్చి, బ్రీదర్ పైపు ఎక్కడ జారిందో వెతకండి.