పాలకొల్లు మాండలిన్: ఎనిమిది తీగలు ఐదైన వైనం

కర్ణాటక సంగీతం పాశ్చాత్య వాద్యాలను స్వీకరించిన తీరును పరిశీలిస్తే, వాటిలో ఏదీ వచ్చినది వచ్చినట్టుగా కచేరీ వేదికమీద నిలవలేదని తెలుస్తుంది. ముత్తుస్వామి దీక్షితుల తమ్ముడు బాలుస్వామి దీక్షితులు (1786–1858) వయొలిన్‌ను అభ్యసించిన కాలం నుంచి నేటివరకు ఆ వాద్యపు శరీరం దాదాపు మారలేదు గాని, దాని శ్రుతీ, దానిని పట్టే భంగిమా పూర్తిగా మారిపోయాయి. గడ్డం కింద ఇరికించి నిలబడి వాయించే వాద్యాన్ని ఇక్కడివారు నేలమీద కూర్చుని, దాని తలను పాదంమీద ఆనించి వాయించసాగారు. నాలుగు తీగలనూ షడ్జ పంచమాల జంటలుగా రెండు స్థాయిలలో శ్రుతి చేసుకున్నారు. హార్మోనియం విషయంలో ఇంత సర్దుబాటు సాధ్యపడలేదు. కాళ్లతో తిత్తి తొక్కే ఐరోపా వాద్యం కలకత్తాలో చేతితిత్తి పెట్టెగా మారి పద్యనాటకానికి ప్రాణమైనా, ఒక స్వరం నుంచి మరొక స్వరానికి జారడం దాని మెట్లకు చేతకాదు. ఈ లోపాన్ని ప్రధానంగా ఎత్తిచూపుతూ ఆకాశవాణి 1940లో దానిని దూరం పెట్టి, 1971 వరకు ఆ నిషేధాన్ని సడలించలేదు. ఈ రెండింటికీ భిన్నంగా, శ్రుతితోపాటు శరీరాన్ని కూడా మార్చుకుని కచేరీ వాద్యమైనది మాండలిన్. ఆ మార్పుకు మూలం పశ్చిమ గోదావరి జిల్లా పాలకొల్లులో ఉంది.

మాండలిన్ ఇటలీలో, ముఖ్యంగా 18వ శతాబ్దపు నేపుల్స్ నగరంలో, ఇప్పుడు మనకు తెలిసిన రూపం దాల్చిన చిన్న తీగవాద్యం. దానికి నాలుగు జతలుగా ఎనిమిది ఉక్కుతీగలు ఉంటాయి. ఒక్కొక్క జతలోని రెండు తీగలూ ఒకే స్వరం పలుకుతాయి. గుర్రం నుంచి, అంటే తీగలు ఆనే చెక్కవంతెన నుంచి, మెడ కొననున్న ఎముకపట్టీ వరకు తీగ పొడవు 35 సెంటీమీటర్లకు అటూ ఇటూ మాత్రమే కాబట్టి దాని నాదం త్వరగా ఆరిపోతుంది. ఆ కొరతను కప్పిపుచ్చడానికే ఐరోపావారు ఒక స్వరాన్ని నఖితో వడివడిగా పైకీ కిందికీ మీటుతూ సాగదీస్తారు, జంట తీగలు ఆ మీటుకు నిండుదనం ఇస్తాయి. భారతదేశంలో సినిమా వాద్యబృందాలు దీనిని ఆదరించినది కూడా ఈ గలగలల కోసమే తప్ప రాగాలాపన కోసం కాదు; సజ్జాద్ హుసేన్ వంటి సంగీత దర్శకుడు హిందుస్తానీ రాగాలను దీనిమీద పలికించడం అపురూపమైన మినహాయింపు.

పాలకొల్లు ఉన్న గోదావరి డెల్టా, ధవళేశ్వరం ఆనకట్ట 1852లో పూర్తై కాలువలు పారిన తరువాత సంపన్నమై, కళాకారులకు కొదువలేని సీమ అయింది. వీణలో ద్రాక్షారామానికి చెందిన ఈమని శంకరశాస్త్రి, కాకినాడలో పుట్టిన చిట్టిబాబు, గాత్రంలో శంకరగుప్తానికి చెందిన మంగళంపల్లి బాలమురళీకృష్ణ ఇక్కడివారే. బాలమురళీకృష్ణ వయోలా అనే మరొక పాశ్చాత్య వాద్యాన్ని కూడా కర్ణాటక బాణీలో వాయించారు. శాస్త్రీయ సంగీతానికి పక్కనే నాటకాల హార్మోనియం, పెళ్లిళ్ల బ్యాండు మేళం, సినిమా పాటల వాద్యబృందం బతికిన ప్రాంతమిది. కచేరీ విద్వాంసుడు చిన్నచూపు చూసే వాద్యం పక్కింటిలో బువ్వ పెడుతూ ఉండేది.

ఉప్పలపు శ్రీనివాస్ 1969 ఫిబ్రవరి 28న పాలకొల్లులో జన్మించినది అటువంటి ఇంటిలోనే. తండ్రి సత్యనారాయణ క్లారినెట్ విద్వాంసుడు; ఇంట్లో ఉన్న ఆయన మాండలిన్‌ను ఆరేళ్ల వయసులో బాలుడు చేతపట్టగా, కొడుకు ఆసక్తిని గమనించి ఆయన కొత్త వాద్యం కొనిచ్చి తొలిపాఠాలు తానే చెప్పాడు. అనంతరం సత్యనారాయణకు గురువైన రుద్రరాజు సుబ్బరాజు, అనగా చెంబై వైద్యనాథ భాగవతార్ శిష్యుడు, బాలుడి శిక్షణను చేపట్టాడు. సుబ్బరాజుకు మాండలిన్ వాయించడం తెలియదు. ఆయన పాడేవాడు, శిష్యుడు విన్నదానిని తీగమీద వెతుక్కునేవాడు. ఈ వృత్తాంతాన్ని బాలమేధావి కథలో ముచ్చటగా చెప్పి వదిలేయడం పరిపాటి గాని, వాద్య చరిత్రలో అసలు మలుపు ఇదే. మాండలిన్ తెలిసిన గురువు దొరికి ఉంటే వేళ్ల కదలికలతోపాటు ఆ వాద్యపు పరిమితులు కూడా శిష్యుడికి సంక్రమించేవి. గాయకుడైన గురువు వల్ల, వాద్యం ఏమి పలకగలదన్న ప్రశ్న వెనుకకు పోయి, గొంతు పలికినదానిని వాద్యం చేత ఎలా పలికించాలన్నది ముందుకు వచ్చింది.

ఆ ప్రశ్నకు మెట్లు అడ్డం కాదు. మాండలిన్ మెడమీద లోహపు మెట్లు స్థాయికి పన్నెండు చొప్పున ఉన్నట్టే వీణమీదా స్థాయికి పన్నెండే ఉంటాయి. గమకం, అంటే స్వరాన్ని ఊపడం, జార్చడం, పక్క స్వరాన్ని తాకించడం, మెట్టుమీద తీగను పక్కకు లాగడం వల్ల పుడుతుంది. తేడా తీగ పొడవులోనూ మెట్టు ఎత్తులోనూ ఉంది. వీణలో మైనపు మేళంమీద మెట్లు ఎత్తుగా నిలుస్తాయి, తీగ మాండలిన్ తీగకు రెట్టింపు కన్నా పొడవు, కాబట్టి వేలికి లాగే చోటు దొరుకుతుంది. మాండలిన్‌లో బిగువైన పొట్టి తీగ మెట్టు మీద వెంట్రుకవాసి జరిగినా స్వరం ఎక్కువ మారిపోతుంది. అన్నిటికన్నా పెద్ద చిక్కు జంట తీగలది: వేలు లాగినప్పుడు రెండు తీగలూ సమానంగా సాగవు, ఒకటి కొద్దిగా ముందు, మరొకటి కొద్దిగా వెనుక పలికి, గమకం మధ్యలో అపశ్రుతి జీర వినిపిస్తుంది. తోడి రాగంలో గాంధారాన్ని ఊపవలసిన చోట ఈ జీర భరింపరానిది. మంద్ర స్థాయి చాలకపోవడం, ఆరిపోయే నాదం మీద విలంబకాల కీర్తన నిలవకపోవడం మిగిలిన చిక్కులు.

ఇందుకు శ్రీనివాస్ ఎంచుకున్న పరిష్కారం ఎంత సాహసమో అంత తేలికగానూ కనిపిస్తుంది: జంటలను విడదీసి ఒంటి తీగలు కట్టడం, స్థాయి విస్తారం కోసం వాటిని ఐదు చేయడం, నాదం నిలవడానికి విద్యుత్ మాండలిన్‌కు మారడం. విద్యుత్ మాండలిన్‌లో ఉక్కుతీగల కింద రాగి తీగ చుట్టిన అయస్కాంతాలు ఉంటాయి; తీగ కంపించినప్పుడు వాటిలో పుట్టే స్వల్ప విద్యుత్తును యంత్రం పెంచి వినిపిస్తుంది. గుల్లపెట్టె పలకను ఊపడానికి తీగ తన శక్తిని ఖర్చు చేయనక్కరలేదు కాబట్టి ఒక్క మీటు చాలాసేపు నిలుస్తుంది, ఆ నిలిచినంతసేపూ ఎడమచేతి వేలు గమకాన్ని గీయగలుగుతుంది. విద్యుత్ వాద్యాన్ని శాస్త్రీయ వేదికకు అపచారంగా భావించిన వారి మాట ఎలా ఉన్నా, ఈ మార్పు నాదాన్ని గట్టిగా చేయడానికన్నా దీర్ఘం చేయడానికే ఎక్కువగా ఉపకరించింది.

1978లో గుడివాడ త్యాగరాజ ఆరాధనోత్సవంలో తొలి ప్రదర్శన ఇచ్చిన తరువాత కుటుంబం మద్రాసుకు తరలింది. 1981లో, పన్నెండేళ్ల వయసులో, అక్కడి ఇండియన్ ఫైన్ ఆర్ట్స్ సొసైటీ వేదికమీద కచేరీ చేయగా, 1983లో బెర్లిన్ జాజ్ ఉత్సవం ఆయనను విన్నది. 1998లో పద్మశ్రీ వచ్చింది. గిటార్ విద్వాంసుడు జాన్ మెక్‌లాఫ్లిన్‌తో ‘రిమెంబర్ శక్తి’ బృందంలో వాయించిన శ్రీనివాస్ 2014 సెప్టెంబరు 19న చెన్నైలో 45 ఏళ్ల వయసులో మరణించాడు. ఆయన తమ్ముడు రాజేశ్ కూడా మాండలిన్ విద్వాంసుడే.

పాత చవక మాండలిన్‌ను బాగుచేసి శ్రీనివాస్ ఐదు తీగల బాణీకి మలచుకోదలచిన వారికి పని రెండు దశలుగా ఉంటుంది. మొదటిది మరమ్మతు: డెల్టా చెమ్మగాలికి చెక్క ఉబ్బి కీళ్ల జిగురు విడుతుంది, ఎనిమిది తీగల లాగుడుకు మెడ వంగి తీగలు మెట్లపై ఎత్తుగా లేస్తాయి, ఉక్కు రాసుకుని మెట్లమీద గాడులు పడతాయి, కాబట్టి కీళ్లను విప్పి అతికించి, మెట్లను ఆకురాయితో సమం చేసి, గుర్రాన్ని దించవలసి వస్తుంది. రెండవది మార్పు: ఎనిమిది గాడుల ఎముకపట్టీని తీసి ఐదు గాడులున్న కొత్తదానిని అమర్చాలి, గుర్రంమీద కూడా ఆ ప్రకారమే గాడులు కోయాలి. ఎనిమిది తీగల బిగువుకు తగ్గట్టు మందంగా చేసిన పలకను ఐదు ఒంటి తీగలు తగినంతగా కదల్చలేవు గనుక ధ్వని కొంత సన్నబడుతుంది. తీగలు బిగించే ఎనిమిది బిరడలలో మూడు ఖాళీగా మిగిలిపోతాయి.