రద్దయిన ఆట తెచ్చిన ప్రపంచ కప్పు

శనివారం పని మానుకుని మ్యాచ్ ఆడితే ఆ పూట కూలి ఎవరిస్తారు? నూట ముప్పై ఏళ్ల కిందట ఉత్తర ఇంగ్లండులో బొగ్గుగని కార్మికులు, మిల్లు పనివాళ్లు అడిగిన ప్రశ్న ఇది. రగ్బీని నడిపే లండన్ పెద్దలకు ఈ ప్రశ్న అడగడమే తప్పనిపించింది. ఆట సరదా కోసం ఆడాలి, ఆడినందుకు చిల్లిగవ్వ ముట్టినా మైలపడ్డట్టే అన్నారు. తాతలనాటి ఆస్తులున్నవాళ్లు ఎన్నయినా చెప్పొచ్చు. పూట కూలి పోతే పొయ్యిలో పిల్లి లేవని ఇంటివాడు ఏం చెయ్యాలి?

1895 ఆగస్టు 29న హడర్స్‌ఫీల్డ్‌లోని జార్జ్ హోటల్లో ఉత్తరాది క్లబ్బుల వాళ్లు కూర్చుని వేరు కుంపటి పెట్టుకున్నారు. పని పోగొట్టుకున్న ఆటగాడికి రోజుకు ఆరు షిల్లింగుల పరిహారం ఇవ్వొచ్చన్నారు. రగ్బీ లీగ్ పుట్టింది అక్కడే. టికెట్ కొన్న జనానికి ఆట కళ్లకు కట్టాలి కదా, అందుకని నియమాలు కూడా మార్చుకుంటూ పోయారు. 1906లో జట్టుకు పదిహేను మందిని పదమూడుకు తగ్గించారు. మన కబడ్డీలో కూతకొచ్చినవాణ్ని పట్టి పడేసినట్టే ఇక్కడ బంతి పట్టుకుని ఉరికేవాణ్ని ఎదుటి జట్టు పట్టి పడేస్తుంది. పడ్డవాడు లేచి బంతిని కాలితో వెనక్కి తోస్తే ఆట మళ్లీ కదులుతుంది. ఈ కథకు ఇంతమాత్రం తెలిస్తే చాలు.

ఈ ఆట ఇంగ్లిష్ ఛానల్ దాటి ఫ్రాన్స్ చేరడానికి దాదాపు నలభై ఏళ్లు పట్టింది. అప్పుడు ఫ్రాన్స్ అంటే గోదావరి ఒడ్డున ఉన్న మన యానాంకు పాలకదేశం. చుట్టూ ఉన్న బ్రిటిష్ ఇండియాలో బాల్యవివాహాలను నిషేధించిన శారదా చట్టం వచ్చాక, దాన్ని తప్పించుకోవడానికి జనం పెళ్లివారితో సహా యానాం వచ్చి బాల్యవివాహాలు జరిపించుకున్న రోజులవి. ఊరికి కల్యాణపురం అనే పేరే పడిపోయింది. జెండా మారితే చట్టం మారిపోతుందన్న సంగతి కాకినాడ, యానాంల వాళ్లకు ఎవరూ చెప్పనక్కర్లేదు. అదే సంగతి ఫ్రాన్స్‌లో ఒక ఆటకు ఎంత చేదుగా అనుభవంలోకి వచ్చిందో, ఆ చేదులోంచి ఏం పుట్టిందో చెప్పేదే ఈ కథ.

1931లో, పదిహేను మంది ఆడే పాత రగ్బీని నడిపే బ్రిటిష్ సంఘాలు ఫ్రాన్స్‌ను తమ పోటీల నుంచి వెలివేశాయి. ఫ్రెంచి క్లబ్బులు చాటుగా ఆటగాళ్లకు డబ్బులిస్తున్నాయని, మైదానంలో కొట్లాటలు ఎక్కువయ్యాయని అభియోగం. తమ చేతులు శుభ్రంగా ఉన్నాయని చూపించుకోవడానికి ఫ్రెంచి రగ్బీ పెద్దలకు ఎవరో ఒకరు దొరకాలి. జాఁ గలియా దొరికాడు. ఫ్రాన్స్ జట్టుకు ఆడిన ఆజానుబాహుడు, బాక్సింగ్‌లోనూ దిట్ట. డబ్బు వ్యవహారాల నెపంతో 1933లో అతన్ని బయటికి పంపారు.

సరిగ్గా అప్పుడే కాలం కలిసొచ్చింది. 1933 డిసెంబరు 31న పారిస్‌లోని పెర్షింగ్ స్టేడియంలో ఇంగ్లండు, ఆస్ట్రేలియా లీగ్ జట్లు ప్రదర్శన మ్యాచ్ ఆడాయి. కొత్త సంవత్సరానికి ముందురోజు, ఎముకలు కొరికే చలి, గడ్డకట్టిన నేల. ఆట వాయిదా పడినా ఎవరూ తప్పుపట్టని వాతావరణం. అయినా ఆడారు. ఆస్ట్రేలియా 63-13తో చెలరేగిపోయింది. పోటీగా చూస్తే అది పోటీయే కాదు. కానీ ఆ వేగం, చేతులు మారుతూ పరిగెత్తే ఆ బంతి ఫ్రెంచివాళ్ల కళ్లు చెదరగొట్టాయి.

రెండు నెలలు తిరిగేసరికి గలియా పదిహేడు మందిని పోగేసుకుని ఇంగ్లండు బయల్దేరాడు. వాళ్లలో ఎవరికీ ఈ ఆట సరిగ్గా రాదు. నియమాలు దారిలో నేర్చుకుంటూ ఆరు మ్యాచ్‌లు ఆడి అయిదు ఓడిపోయారు. హల్ పట్టణంలో మాత్రం ఒకటి గెలిచారు. ఆ ఒక్క గెలుపు చాలింది. 1934 ఏప్రిల్‌లో ఫ్రెంచి రగ్బీ లీగ్ సంఘం ఏర్పడింది. అయిదేళ్లలో, 1939లో, ఇంగ్లండు గడ్డ మీద ఇంగ్లండును, బోర్డోలో వేల్స్‌ను ఓడించి ఫ్రాన్స్ యూరప్ విజేత అయింది. నైరుతి ఫ్రాన్స్‌లో ద్రాక్షతోటల పల్లెల నుంచి పెద్ద పట్టణాల దాకా పాత రగ్బీ క్లబ్బులు ఒక్కొక్కటే ఇటు మారుతున్నాయి. పాత రగ్బీ పెద్దలకు కంటి మీద కునుకు లేదు.

వాళ్లకు కునుకు తెప్పించింది యుద్ధం. 1940 జూన్‌లో ఫ్రాన్స్ జర్మనీకి లొంగిపోయింది. మార్షల్ పెతాఁ నాయకత్వంలో విషీ పట్టణం కేంద్రంగా కొత్త ప్రభుత్వం వచ్చింది. దేశం చెడిపోయింది డబ్బు యావ వల్లనే, క్రీడల్ని ప్రక్షాళన చెయ్యాలి అని ఆ ప్రభుత్వం పల్లవి ఎత్తుకుంది. పాత రగ్బీ పెద్దలకు అందులో పలుకుబడి ఉంది. క్రీడల వ్యవహారాలు ఒకప్పటి టెన్నిస్ వీరుడు జాఁ బొరోత్రా చేతికి వచ్చాయి. 1941 డిసెంబరు 19న పెతాఁ సంతకంతో ఉత్తర్వు వెలువడింది. రగ్బీ లీగ్ సంఘం రద్దు. దాని ఆస్తులు జాతీయ క్రీడా సంఘానికి బదిలీ. క్లబ్బుల మైదానాలు, జెర్సీలు, పెట్టెలో సొమ్ము, అన్నీ పోయాయి. ఆటగాళ్లు పాత రగ్బీకి మళ్లాలి, లేదా ఇంట్లో కూర్చోవాలి. ఒక ప్రభుత్వం యుద్ధం మధ్యలో తీరిక చేసుకుని ఒక ఆటను చంపడం చరిత్రలో అరుదైన విషయం.

ఈ ఉత్తర్వుకు ముందే, 1940లో, ఫ్రెంచి ఇండియా వేరే దారి పట్టింది. పాండిచ్చేరిలో గవర్నరు లూయీ బోన్వాఁ సెప్టెంబరులో విషీని కాదని, దాన్ని ఎదిరిస్తున్న జనరల్ డిగోల్ పక్షాన నిలిచాడు. పాండిచ్చేరితో పాటు యానాం కూడా స్వేచ్ఛా ఫ్రాన్స్ జెండా కిందికి వచ్చింది. విషీలో కూర్చుని ఆటను రద్దు చేసిన ప్రభుత్వం మాట గోదావరి ఒడ్డున చెల్లలేదు.

ఫ్రాన్స్‌లోనూ విషీని ఎదిరించినవాళ్లు ఉన్నారు. కొండల్లో, అడవుల్లో దాక్కుని పోరాడిన ఆ రహస్య దళాల్లో పోల్ బారియేర్ అనే దక్షిణాది కుర్రాడు ఒకడు. 1944లో దేశానికి విముక్తి రాగానే లీగ్ ఆటగాళ్లు మళ్లీ మైదానంలోకి దిగారు. విషీ పోయింది కాబట్టి విషీ ఉత్తర్వూ పోతుందనుకున్నారు. పోలేదు. ఆడుకోండి గానీ మీ ఆటను రగ్బీ అని పిలవకూడదన్నారు. చివరికి ‘పదమూడు మంది ఆట’ అనే పేరుతో సరిపెట్టుకోవాల్సి వచ్చింది. ఆస్తులు రాలేదు. బడుల్లో ఈ ఆటకు తలుపులు తెరుచుకోలేదు. ఫ్రాన్స్‌లో ఈ ఆటకు బీజం వేసిన గలియా 1949లో, ఇంకా నలభై నాలుగేళ్లు నిండకుండానే, కన్నుమూశాడు.

1947లో, ముప్పై కూడా నిండని బారియేర్ సంఘం అధ్యక్షుడయ్యాడు. అతని ముందున్న చిక్కుముడి చిన్నది కాదు. సొంత ప్రభుత్వం గుర్తించదు, సొంత పేరు వాడుకోనివ్వరు. అర్జీలు పెట్టుకుంటూ కూర్చుంటే జీవితాలు గడిచిపోతాయి. అర్జీలు మానలేదు గానీ, బారియేర్ ఇంకో దారి తవ్వాడు. ఇంటివాళ్లు కాదన్నప్పుడు లోకం చేత ఔననిపించాలి. 1948లో ఫ్రాన్స్ చొరవతో బోర్డోలో అంతర్జాతీయ రగ్బీ లీగ్ బోర్డు ఏర్పడింది. బ్రిటన్, ఆస్ట్రేలియా, న్యూజిలాండ్‌ల సరసన ఫ్రాన్స్ కూర్చుంది. పారిస్‌లో పేరు లేని సంఘానికి ప్రపంచ వేదిక మీద కుర్చీ దొరికింది.

తరువాతి అడుగు మైదానంలో పడింది. 1951లో ఫ్రాన్స్ జట్టు తొలిసారి ఆస్ట్రేలియా వెళ్లింది. వెళ్లేముందు ఎవరికీ పెద్ద ఆశల్లేవు. ఆ జట్టులో పుయిగ్ ఒబేర్ అనే ఫుల్‌బ్యాక్ ఉన్నాడు. పొట్టివాడు, సిగరెట్ లేనిదే గడవనివాడు. ఆట మధ్యలో గీత అవతలి ప్రేక్షకుల దగ్గర సిగరెట్ అందుకుని దమ్ము లాగేవాడని ఇప్పటికీ కథలుగా చెప్పుకుంటారు. బంతిని నేల మీద నిలబెట్టి, వెనక్కి నాలుగడుగులు వేసి, పెద్దగా గురి చూసినట్టు కూడా కనిపించకుండా తన్నేవాడు. అది గోలు స్తంభాల మధ్య నుంచి వెళ్లేది. మూడు టెస్టుల్లో రెండు గెలిచి ఫ్రాన్స్ సిరీస్ పట్టుకొచ్చింది. మార్సెయ్ రేవులో జనం వీరుల్లా ఊరేగించారు. ఆ ఏడాది మేటి క్రీడాకారుడంటూ ‘లెకిప్’ పత్రిక పుయిగ్ ఒబేర్‌ను ఎంచుకుంది. పేరు పెట్టి పిలవకూడని ఆట ఆడేవాడు దేశంలోకెల్లా పెద్ద పేరు సంపాదించాడు!

వేడి మీద ఉన్నప్పుడే ఇనుము వంచాలి. ప్రపంచ కప్పు పెడదామన్న మాట ఫ్రెంచివాళ్లు 1930లలోనే ఎత్తారు, అది గాలికి పోయింది. బారియేర్ 1951లో మళ్లీ ఎత్తాడు. ఇంగ్లండువాళ్లకు పర్యటనలే బంగారు బాతు. నెలల తరబడి తిరిగి టికెట్ల మీద సంపాదించుకుంటున్నప్పుడు ఈ కొత్త పోటీ ఎందుకు? అదీగాక అప్పటికి ఏ రకం రగ్బీలోనూ ప్రపంచ కప్పు లేదు. నడుస్తుందని ఎవరు పూచీ పడతారు? బారియేర్ పట్టు వదల్లేదు. ఇంగ్లండు సంఘం కార్యదర్శి బిల్ ఫాలోఫీల్డ్‌ను ఒప్పించాడు, ఆయన తనవాళ్లను ఒప్పించాడు. పోటీని ఫ్రాన్స్‌లోనే పెడతామని, కప్పు కూడా తామే ఇస్తామని బారియేర్ ముందుకొచ్చాడు. 1953లో బ్లాక్‌పూల్ సమావేశంలో అంతర్జాతీయ బోర్డు సరేనంది.

1954 అక్టోబరు 30న పారిస్‌లో ఫ్రాన్స్ 22-13తో న్యూజిలాండ్‌ను ఓడించి పోటీకి తెరతీసింది. మర్నాడు లియాఁలో బ్రిటన్ 28-13తో ఆస్ట్రేలియాను ఓడించింది. ఆ మర్నాడు, నవంబరు 1న, యానాంతో సహా ఫ్రెంచి ఇండియా పాలన భారత్ చేతికి వచ్చింది. అంతకు నాలుగున్నర నెలల ముందే, జూన్ 13న, దడాల రఫేల్ రమణయ్య నాయకత్వంలో విమోచనోద్యమకారులు యానాంను తమ అధీనంలోకి తెచ్చుకున్నారు. ఫ్రాన్స్‌ను అడిగీ అడిగీ విసిగిన రెండు వర్గాలు, ఒకరి ఊసు ఒకరికి తెలియకుండా, అదే వారంలో ఫలితం చూశాయి.

బ్రిటన్ మీద ఎవరికీ నమ్మకం లేదు. ఆ వేసవిలో ఆస్ట్రేలియాలో పర్యటించి వచ్చిన పేరున్నవాళ్లు చాలామంది రాలేమన్నారు. కొత్తవాళ్లతో నిండిన ఆ జట్టుకు డేవ్ వాలెంటైన్ అనే స్కాట్లండు ఆటగాడు కెప్టెన్. తూలూజ్‌లో నవంబరు 7న ముప్పై ఏడువేల పైచిలుకు జనం ముందు ఫ్రాన్స్, బ్రిటన్ 13-13తో సమంగా నిలిచాయి. మిగతా మ్యాచ్‌లు రెండూ గెలవడంతో పాయింట్లూ సమమే. విజేతను తేల్చడానికి నవంబరు 13న పారిస్‌లో ఇంకో మ్యాచ్ అవసరమైంది. దాన్ని టెలివిజన్‌లో నేరుగా ప్రసారం చేశారు. అప్పటికది వింతే. బంతిని ఎదుటి జట్టు గీత దాటించి నేలకు ఆనిస్తే అది ట్రై. బ్రిటన్ నాలుగు ట్రైలు, ఫ్రాన్స్ రెండే చేశాయి. పుయిగ్ ఒబేర్ మూడు గోల్స్ కొట్టినా 16-12తో కప్పు బ్రిటన్‌కే పోయింది. బారియేర్ తెచ్చిన కప్పును బారియేర్ జట్టు గెలవలేదు.

ఆ కప్పుకూ కష్టాలు తప్పలేదు. 1970లో బ్రాడ్‌ఫోర్డ్‌లోని ఒక హోటల్లో ఉంచితే దొంగలు ఎత్తుకుపోయారు. ఇరవై ఏళ్ల తరువాత అదే ఊళ్లో చెత్తలో ఎవరి కంటో పడింది. ఇప్పుడు ప్రపంచ విజేతకు ఇచ్చేది దాన్నే. ఈలోగా ఫ్రాన్స్‌లో కోర్టులు, వాదనలు సాగి సాగి 1990ల ఆరంభంలో ‘రగ్బీ’ అనే పేరు ఆ ఆటకు తిరిగి వచ్చింది. రద్దు ఉత్తర్వు వచ్చిన యాభై ఏళ్లకు!

నాయకత్వమంటే మ్యాచ్ గెలిపించడమే అనుకుంటే బారియేర్ ఓడిన నాయకుడు. కానీ లాక్కున్నదాని కోసం అడుగుతూనే, ఎవరూ లాక్కోలేనిది ఇంకొకటి కట్టుకోవడం అతని నుంచి నేర్చుకోవచ్చు. గుర్తింపు లేదని, గ్రాంటు రాలేదని కుంగిపోయే మన క్రీడాసంఘాలు ఈ కథ చదవాలి. అప్పటి ఆస్తులు ఫ్రెంచి లీగ్‌కు ఈనాటికీ తిరిగి రాలేదు. ప్రపంచ కప్పు మీద మాత్రం పోల్ బారియేర్ పేరు ఉంది.