కరిచే గుర్రం, కాచిన కుర్రాడు

హాకిం (అధికారి) ముందునుంచి, గుర్రం వెనకనుంచి నడవొద్దని దక్కనీ ఉర్దూలో ఒక సామెత. జట్కాలు తిరిగిన రోజుల్లో నిజామాబాద్ వీధుల్లో దీన్ని ఎవరికీ విడమరిచి చెప్పనక్కర్లేదు. హాకిం కంటపడితే పని తగులుకుంటుంది, గుర్రం కాలికి దొరికితే పక్కటెముక పోతుంది. అయితే ఈ సామెత కట్టినవాడికి డైమండ్ జూబ్లీ లాంటి గుర్రం ఎదురుపడలేదని మాత్రం ఖాయం. దాని వెనక డెక్కలు, ముందు పళ్లు. పైగా దాని యజమానే పెద్ద హాకిం. బ్రిటన్ యువరాజు, తర్వాత ఏడో ఎడ్వర్డ్‌గా మన దేశానికి కూడా చక్రవర్తి అయినవాడు.

1900లో ఇంగ్లండ్‌లో టూ థౌజండ్ గినీస్, డెర్బీ, సెయింట్ లెజర్ మూడూ గెలిచి ట్రిపుల్ క్రౌన్ కొట్టిన ఆ గుర్రాన్ని గెలిపించింది పేరుమోసిన జాకీలు కారు, లాయంలో దాన్ని కాచుకున్న ఒక కుర్రాడు. ఆ కథ చెప్పే ముందు గుర్రం కోపాన్ని మనవాళ్లు ఎలా లెక్కగట్టేవారో చూడాలి.

బోధన్ దాటి నాందేడ్ మీదుగా పోతే లోహా దగ్గర మాలేగావ్ వస్తుంది. అక్కడి ఖండోబాను మనవాళ్లు మల్లన్న అనే కొలుస్తారు. చలికాలంలో జరిగే ఆ జాతరలో దేవుడి దర్శనం ఎంతో, గుర్రాలు, గాడిదలు, ఒంటెల బేరం అంత. గుర్రాన్ని కొనేవాడు పళ్లు చూసి వయసు చెబుతాడు, సుడులు చూసి గుణం చెబుతాడు. నుదుటి మీద సుడి ఎక్కడుంది, ఎన్ని ఉన్నాయి, మెడ మీద ఉన్నది మంచిదా చెడ్డదా అని పెద్ద చర్చ. శాలిహోత్రుడి పేరున, నకులుడి పేరున చలామణీ అయ్యే అశ్వశాస్త్రాల్లో ఈ ఆవర్తాల లెక్క విస్తారంగా ఉంటుంది. తెలుగులో మనుమంచి భట్టు కూడా హయలక్షణాల మీద ఒక గ్రంథమే రాశాడు. చెరకు బండి లాగే ఎద్దును కొనేటప్పుడు బోధన్ రైతు చూసింది కూడా ఈ సుడులే.

ఇదంతా వట్టి నమ్మకమని కొట్టిపారేయడానికి లేదు. అమెరికాలో పశువుల ప్రవర్తనను చదివిన టెంపుల్ గ్రాండిన్ బృందం 1995లో పశువుల మీద ఒక పరిశీలన ప్రచురించింది. కంటికి పైన సుడి ఉన్న పశువులు కట్టేసినప్పుడు ఎక్కువ గింజుకుంటాయని వాళ్లకు తేలింది. అలాగని సుడి చూసి డెర్బీ గెలిచేది చెప్పగలిగినవాడు మాత్రం ఇంతవరకు పుట్టలేదు.

డైమండ్ జూబ్లీ కోపం తండ్రి ఆస్తి. తండ్రి పేరు సెయింట్ సైమన్, 1881లో పుట్టింది. దాన్ని పుట్టించిన ప్రిన్స్ బత్యానీ 1883 వసంతంలో న్యూమార్కెట్ రేసుకోర్సులోనే గుండె ఆగి చనిపోయాడు. యజమాని పోతే అతను కట్టిన ఎంట్రీలన్నీ రద్దు కావడం అప్పటి నియమం. అలా పెద్ద పందేలకు అర్హత పోయిన రెండేళ్ల పిల్లను పోర్ట్‌లండ్ డ్యూక్ 1,600 గినీలకు కొన్నాడు. ఆ తర్వాత అది పరుగెత్తిన ఏ పందెంలోనూ ఓడలేదు.

1884 ఫిబ్రవరిలో వైస్రాయ్ లార్డ్ రిపన్ హైదరాబాద్ వచ్చి 17 ఏళ్ల నిజాం మహబూబ్ అలీ ఖాన్‌కు పాలనాధికారం అప్పగించాడు. ఆ ఎండాకాలమే సెయింట్ సైమన్ ఆస్కాట్ గోల్డ్ కప్‌ను 20 లెంగ్తుల తేడాతో గెలిచింది. గెలిచాక ఆగలేదు. కళ్లెం లాగుతున్న జాకీని మోసుకుంటూ ఇంకా చాలా దూరం పోయింది. అంతకుముందు ఒక ఉదయం, ఆ కాలపు జాకీల్లో మొనగాడు ఫ్రెడ్ ఆర్చర్ అది కాస్త మందకొడిగా ఉందనుకుని బూటు మడమ ముల్లుతో పొడిచాడు. మైదానంలో కసరత్తు చేస్తున్న మిగతా గుర్రాల గుంపుల్ని చీల్చుకుంటూ అది ఊరి పొలిమేర దాకా లాక్కుపోయింది. దిగాక ఆర్చర్ ఇది గుర్రం కాదు, స్టీమ్ ఇంజన్ అన్నాడట. బతికున్నంతకాలం దానికి మళ్లీ ముల్లు తగిలించనని కూడా అన్నాడట.

పందెం లేని రోజుల్లో దాన్ని భరించింది సాయీసులు. మాలీషు చేయబోతే ఒళ్లంతా చెమటలు పట్టేలా గింజుకునేది, కరవబోయేది. ఓర్పుకు బైబిల్లోని యోబు పేరు చెబుతారు గానీ, యోబుకు సెయింట్ సైమన్ ఒళ్లు రుద్దే పని పడలేదు కదా అని డ్యూక్ గారి లాయంలోని పెద్ద సాయీసు విసుక్కున్నాడని చెబుతారు. తోడుంటే నెమ్మదిస్తుందేమోనని లాయంలో ఒక పిల్లిని వదిలితే దాన్ని చంపేసిందట. ఇంతటి మొండి గుర్రం గొడుగు చూస్తే మాత్రం వణికేది. కర్ర చివర టోపీ తగిలించి చూపినా అంతే. ఈ కిటుకు కనిపెట్టింది గుర్రాల డాక్టరు కాదు, పండితుడు కాదు, రోజూ దాని పళ్ల ముందు నిలబడ్డవాడు.

పందేలు మాన్పించి మందకు వదిలాక సెయింట్ సైమన్ తొమ్మిదేళ్లు ఇంగ్లండ్‌లో మొదటి స్థానపు తండ్రి గుర్రంగా నిలిచింది. 1900లో ఐదు క్లాసిక్ పందేలనూ దాని పిల్లలే గెలిచాయి. వాటిలో మూడు డైమండ్ జూబ్లీవి.

1897లో, విక్టోరియా రాణి పాలన వజ్రోత్సవానికి దేశమంతా జెండాలు కడుతున్న ఏడాది పుట్టింది కాబట్టి ఆ పేరు. ఒకే తల్లికి, ఒకే తండ్రికి పుట్టిన అన్న పెర్సిమన్ అప్పటికే 1896 డెర్బీ గెలిచి ఉంది. తమ్ముడు చూడ్డానికి అన్నకంటే అందగాడు. అందుకే చిన్నప్పటినుంచి వచ్చినవాళ్లందరికీ దాన్ని చూపించి, తాకనిచ్చి, గారాబం చేసి పాడుచేశారని అనేవారు. నాకు ఇందులో కొంత నిజం ఉందనిపిస్తుంది, మిగతాది రక్తం.

1899లో ఆస్కాట్‌లో మొదటిసారి జనం ముందుకు తెస్తే గెంతులు వేసి, ఒక మనిషిని తన్ని, పందెంలో వెనకబడింది. తర్వాత న్యూమార్కెట్‌లో జాక్ వాట్స్‌ను కింద పడేసి పారిపోయింది. వాట్స్ సామాన్యుడు కాడు, పెర్సిమన్‌ను డెర్బీ గెలిపించిన జాకీ. అతను తప్పుకున్నాక మోర్నింగ్టన్ కానన్‌ను పెట్టారు. ఒక పందెం గెలిపించాడు కూడా. 1900 వసంతంలో కసరత్తు అయి కానన్ దిగీ దిగగానే గుర్రం అతని మీద పడింది. పళ్లతో పట్టి నేలమీద దొర్లించింది. కానన్ మర్యాదగా సెలవు తీసుకున్నాడు.

ట్రైనర్ రిచర్డ్ మార్ష్ చేతిలో ఇక పెద్ద జాకీలు లేరు. హెర్బర్ట్ జోన్స్ అనే కుర్రాడు ఉన్నాడు. 19 ఏళ్లు. లాయంలో పని నేర్చుకుంటూ రోజూ ఈ గుర్రాన్ని కసరత్తుకు తీసుకుపోయేవాడు. పెద్ద పందేల అనుభవం దాదాపు లేదు. కానీ గుర్రం అతన్ని మాత్రం వీపు మీద ఉండనిచ్చేది. యువరాజు గుర్రాన్ని, దేశంలోకెల్లా పెద్ద పందేల్లో, పేరులేని కుర్రాడికి అప్పగించడం అప్పట్లో చిన్న నిర్ణయం కాదు. మార్ష్‌కు వేరే దారి లేదన్నది కూడా నిజమే. టూ థౌజండ్ గినీస్ నాలుగు లెంగ్తులతో గెలిచారు. తర్వాత డెర్బీ, ఎక్లిప్స్, సెయింట్ లెజర్. కుర్రాడు ఒక్క ఏడాదిలో ఇంగ్లండ్ అంతటికీ తెలిసిపోయాడు.

జోన్స్ ఏం చేశాడు? మంత్రం ఏమీ లేదు. రోజూ అదే మనిషి, అదే వేళకు, అదే గొంతుతో వచ్చాడు. గుర్రం మందలో బతికే జంతువు, రోజంతా మేస్తూ నడుస్తూ ఉండాల్సిన ప్రాణి. పందెం గుర్రాన్ని మనం రోజులో ఎక్కువ భాగం నాలుగు గోడల మధ్య ఒంటరిగా నిలబెడతాం, గడ్డి తగ్గించి దాణా పెంచుతాం, గంటో రెండు గంటలో బయటికి తీసి ఒళ్లు విరిచేలా పరుగెత్తిస్తాం. కొన్ని తలుపును కొరుకుతాయి, కొన్ని నిలబడ్డచోటే అటూ ఇటూ ఊగుతాయి, కొన్ని మనుషుల్ని కరుస్తాయి. దాన్ని పొగరు అనడం మనకు సులువు. వచ్చిన ప్రతి కొత్తవాడూ ముల్లుతోనో కొరడాతోనో వచ్చాడని గుర్రానికి గుర్తుంటుంది, గుర్రాలకు జ్ఞాపకం గట్టిది.

డైమండ్ జూబ్లీ మరుసటి ఏడాది ఒక్క పందెమూ గెలవలేదు. తర్వాత 30,000 గినీలకు అర్జెంటీనాకు అమ్ముడుపోయి అక్కడ గొప్ప తండ్రి గుర్రమైంది. జోన్స్ రాజుగారి జాకీగానే కొనసాగాడు. 1913 డెర్బీలో ఎమిలీ డేవిసన్ అనే ఓటు హక్కు ఉద్యమకారిణి పరుగు మధ్యలోకి వచ్చి ఐదో జార్జి గుర్రం కాళ్ల కింద పడి ప్రాణం కోల్పోయింది. ఆ గుర్రం మీద ఉన్నది ఈ జోన్సే.

కోపం అన్ని గుర్రాలకూ ఇలా కలిసిరాదు. అమెరికాలో 1975లో పుట్టిన జాన్ హెన్రీ లాయం గోడకు తగిలించిన ఇనుప బకెట్లను పీకి, తొక్కి రేకులా చదును చేసేది. సుత్తెతో స్టీమ్ యంత్రాన్ని ఓడించిన జానపద వీరుడి పేరు దానికి వచ్చింది అందుకే. ఏడాది పిల్లగా 1,100 డాలర్లకు పోయింది. కోపం తగ్గుతుందని విత్తు కొట్టించారు. కోపం తగ్గలేదు, సంతానం మాత్రం లేకుండా పోయింది. చేతులు మారి మారి చివరికి న్యూయార్క్‌లో సైకిళ్ల వ్యాపారి సామ్ రూబిన్ 25,000 డాలర్లకు, కళ్లతో చూడకుండానే కొన్నాడు. 83 పందేల్లో 39 గెలిచి 65 లక్షల డాలర్లు పైగా సంపాదించింది. ముసలితనంలోనూ చూడ్డానికి వచ్చినవాళ్లను కరవబోయేదట. 32 ఏళ్లు బతికింది.

జపాన్‌లో గోల్డ్ షిప్ సంగతి మన పందెంరాయుళ్లకు ఇంకా బాగా అర్థమవుతుంది. 2015 జూన్‌లో తకరజుకా కినెన్ పందెంలో అందరి డబ్బూ దాని మీదే. గేటు తెరుచుకునే వేళకు అది ముందు కాళ్లెత్తి నిలబడింది. పదిహేనో స్థానంలో వచ్చింది, సుమారు 1,200 కోట్ల యెన్ల టికెట్లు కాగితాలైపోయాయి.

ఇక మన హైదరాబాద్‌కు వస్తే, 1886లో మహబూబ్ అలీ ఖాన్ రేసుల్ని మౌలాలీ నుంచి తన మహల్ దగ్గర్లోని మలక్‌పేటకు తెచ్చాడు. మలక్‌పేటలో ఇవాళ పరుగెత్తే థరోబ్రెడ్‌ల వంశవృక్షాన్ని వెనక్కి చదివితే సెయింట్ సైమన్ పేరు ఎక్కడో ఒకచోట, తరచూ ఒకటికంటే ఎక్కువసార్లు తగులుతుంది. పిల్లిని చంపి గొడుగుకు జడిసిన ఆ రక్తం ప్రతి లాయంలోనూ ఉంది. దానితోపాటు తెల్లవారక ముందే లేచి, ఏ గుర్రం ఎడమవైపు నుంచి వస్తే ఊరుకుంటుందో, దేనికి ఏ రంగు చొక్కా గిట్టదో తెలిసిన సాయీసూ ఉన్నాడు.

గెలిచిన గుర్రం పేరు, యజమాని పేరు, ట్రైనర్ పేరు, జాకీ పేరు పేపర్లో పడతాయి. సాయీసు పేరు పడదు. హైదరాబాద్‌లో పందేలు నడిపేవారికీ, వాటిని రాసే మా పత్రికలవాళ్లకూ విన్నపం ఒక్కటే: వచ్చే డెక్కన్ డెర్బీ ఫలితంలో ఆ ఐదో పేరు కూడా వేయండి.