మైకు వెనుక రొద: వాల్వుల నాటి కథ, నేటి కిట్టు

ప్రత్యేక సంచికకు ఏదైనా చరిత్ర వ్యాసం రాయవలసిందిగా సంపాదకవర్గం వారు కోరారు. రాజుల గురించి, కోటల గురించి, మన ఊళ్ల స్థలపురాణాల గురించి నాకంటె బాగా రాయగల పెద్దలు మనలో చాలామంది ఉన్నారు. అందుచేత నేను ఒక చిన్న వస్తువు చరిత్ర ఎంచుకున్నాను. ఆ వస్తువు పేరు వాల్వు ప్రీ యాంప్లిఫయర్. మైకు నుంచి వచ్చే అతి బలహీనమైన విద్యుత్తును అందుకుని, మొట్టమొదట పెంచే పెట్టె అది. దానిలో రొద ఎందుకు పుడుతుంది, దానిని పెద్దలు ఎలా తగ్గించారు అనేదే ఈ వ్యాసం.

మన తరం వారందరికీ వాల్వు రేడియో గుర్తుండే ఉంటుంది. స్విచ్చి వేసిన తరువాత కాసేపు ఆగితే గాని పలికేది కాదు. లోపల గాజు బుడ్లలో తీగ ఎర్రగా వెలిగేది. వార్తలు మొదలయ్యే ముందు క్షణకాలపు నిశ్శబ్దంలో తుమ్మెద తిరుగుతున్నట్లు ‘గుయ్’ మనే ధ్వని ఒకటి, వేడి పెనం మీద నీళ్లు చల్లినట్లు ‘సుయ్’ మనే ధ్వని ఒకటి వినిపించేవి. ఈ రెండూ ఒకటి కావు. మొదటిది శ్రద్ధ పెడితే వదిలించుకోగలిగినది. రెండవది కొంతవరకు తగ్గుతుందే గాని పూర్తిగా పోయేది కాదు. వాల్వు పుట్టిన తరువాత ఈ తేడా తేటతెల్లం కావడానికి సుమారు 20 సంవత్సరాలు పట్టింది.

వాల్వు పుట్టుక

1880 దశకంలో ఎడిసన్ తన దీపాల మీద పనిచేస్తూ, వేడెక్కిన తీగ నుంచి పక్కనున్న లోహపు ముక్కకు ఖాళీ ప్రదేశం గుండా విద్యుత్తు ప్రవహించడం గమనించాడు. 1904లో ఇంగ్లండులో ఫ్లెమింగ్ ఈ గుణాన్ని వాడుకుని మొదటి వాల్వు తయారుచేశాడు. 1906-07 ప్రాంతంలో అమెరికాలో లీ డి ఫారెస్ట్, తీగకూ పలకకూ మధ్య జల్లెడ వంటి మూడవ భాగాన్ని చేర్చాడు. కాలువ తూము దగ్గర లస్కరు తలుపును అంగుళం కదిపితే దిగువ పొలాలన్నిటికీ పారే నీరు మారిపోయినట్లు, ఆ జల్లెడ మీద స్వల్పమైన మార్పు పెద్ద ప్రవాహాన్ని మార్చివేస్తుంది. వాల్వు చేసే పెంపు అంతా ఇదే.

1915 జనవరిలో న్యూయార్కు నుంచి శాన్‌ఫ్రాన్సిస్కోకు టెలిఫోను మాట ప్రయాణించింది. దారిలో అక్కడక్కడ అమర్చిన వాల్వులు ఆ మాటను మళ్లీ మళ్లీ పెంచి పంపాయి. 1916లో వెంటె అనే ఇంజనీరు కండెన్సర్ మైకును కనిపెట్టాడు. దాని నుంచి వచ్చే విద్యుత్తు ఎంత నీరసమంటే, వాల్వును మైకు పక్కనే పెట్టవలసి వచ్చింది.

అక్కడే చిక్కు వచ్చింది. యాంప్లిఫయర్‌కు మంచి చెడ్డల విచక్షణ లేదు. మాటను వెయ్యి రెట్లు పెంచితే, దానితోపాటు లోపలికి వచ్చిన రొదను కూడా వెయ్యి రెట్లు పెంచుతుంది.

రొద ఎక్కడిది?

1918లో జర్మనీలో షాట్కీ అనే శాస్త్రవేత్త మొదటి జవాబు చెప్పాడు. వాల్వులో విద్యుత్తు నీటిధారలాగ పారదు, ఎలక్ట్రాన్లు గింజలు గింజలుగా వచ్చి పలకకు తగులుతాయి అన్నాడు. రేకుల కప్పు మీద వాన పడితే, ఒక్కొక్క చినుకు చప్పుడు విడిగా వినిపించకపోయినా అంతా కలిసి ఒకే హోరు అవుతుంది గదా. ఇదీ అటువంటిదే.

తరువాత అమెరికాలోని బెల్ లాబొరేటరీలో జాన్సన్ అనే ఆయన ఈ విషయాన్ని పరీక్షించాడు. తక్కువ ఫ్రీక్వెన్సీలలో షాట్కీ లెక్కకు మించిన రొద వస్తున్నదని 1925లో తేల్చాడు. వాల్వులో వేడెక్కే పూత సరిగా లేకపోతే ఆ బాధ ఎక్కువ. 1928లో ఆయన ఇంకొక సంగతి బయటపెట్టాడు. వాల్వు అవసరం లేకుండానే, ఊరికే బల్ల మీద పడి ఉన్న రెసిస్టెన్సులో కూడా రొద ఉంటుంది. వేడి ఉన్నంతకాలం లోపలి ఎలక్ట్రాన్లు కదులుతూనే ఉంటాయి గనుక అది తప్పదు. నైక్విస్ట్ అనే ఆయన దానికి సూత్రం రాశాడు. ఇద్దరూ స్వీడన్‌లో పుట్టి అమెరికాకు వలస వెళ్లినవారే.

ఆ సూత్రం ప్రకారం లెక్క కట్టి చూద్దాం. గది వేడిమి వద్ద, 10,000 సైకిళ్ల మేరకు, 10 లక్షల ఓముల రెసిస్టెన్సులో సుమారు 13 మైక్రోవోల్టుల రొద ఉంటుంది. 200 ఓముల మైకులో 0.18 మైక్రోవోల్టు మాత్రమే. మైక్రోవోల్టు అంటే వోల్టులో పదిలక్షవ వంతు. నోటికి దగ్గరగా పెట్టిన మామూలు మైకు నుంచి మాటకు వచ్చేది ఒకటి రెండు మిల్లీవోల్టులే. కనుక తగాదా అంతా ఈ చిల్లర అంకెల దగ్గరే.

1944లో ఫ్రీస్ అనే ఇంజనీరు మరొక నియమాన్ని లెక్కతో చూపించాడు. అనేక అంచెల యంత్రంలో మొదటి అంచె తగినంత పెంపు ఇస్తే, మొత్తం రొదను దాదాపుగా ఆ మొదటి అంచే నిర్ణయిస్తుంది. ఇది మన గుమాస్తాలకు వేరే చెప్పనక్కరలేదు. గ్రామ లెక్కలో మొదటి పద్దు తప్పు పడితే అది తాలూకాకు, అక్కడి నుంచి జిల్లా అబ్‌స్ట్రాక్టుకు ఎక్కుతుంది. పైవారు ఎంత అందమైన దస్తూరీతో రాసినా తప్పు తప్పుగానే ఉంటుంది.

గుయ్ మనే రొద మీద యుద్ధం

తొలి వాల్వులను బ్యాటరీతో వేడిచేసేవారు. అప్పుడు గుయ్ మనే బాధ అంతగా లేదు. ఇంటి కరెంటు మీద నడపడం మొదలైన తరువాతనే అది పెరిగింది. మన దేశంలో కరెంటు సెకనుకు 50 సార్లు ఊగుతుంది. దానితోనే తీగను వేడిచేస్తే ఆ ఊపు మాటలో కలుస్తుంది. దీనికి విరుగుడుగా, వేడి తీగను ఒక సన్నని గొట్టం లోపల దాచి, ఆ గొట్టం నుంచే ఎలక్ట్రాన్లు వెలువడేట్లు చేశారు. అమెరికాలో ఆర్‌సీఏ వారి యూవై-227 వాల్వు 1927లో ఈ పద్ధతిలో వచ్చింది.

1949లో జర్మనీలో న్యూమన్ కంపెనీ తెచ్చిన యూ-47 మైకు లోకప్రసిద్ధం. అందులోని వీఎఫ్-14 వాల్వు తీగకు 55 వోల్టులు ఇవ్వాలని నియమం. వారు 36 వోల్టుల ప్రాంతంలోనే నడిపారు. మంట తగ్గించి వండినట్లు, ఆ వాల్వులో రొద తగ్గింది, ఆయుష్షు పెరిగింది. 1950 దశకం మొదట్లో యూరపులో ఈఎఫ్-86 అనే వాల్వు వచ్చింది. లోపల వేడి తీగను మెలితిప్పి, చుట్టూ కవచం పెట్టి, మైకు అంచె కోసమే ప్రత్యేకించి చేసిన వాల్వు అది. 25 నుంచి 10,000 సైకిళ్ల మేరకు దాని రొద 2 మైక్రోవోల్టులకు సమానమని తయారీదారులు ప్రకటించారు.

కిట్టు విప్పితే

భాగాలు అమ్మి, వివరపత్రం ఇచ్చి, ‘మీరే అతికించుకోండి’ అనే వ్యాపారాన్ని ఇంటింటికీ చేర్చినది అమెరికాలోని హీత్ కంపెనీ. 1947లో ఆసిలోస్కోపు కిట్టుతో మొదలుపెట్టి 1992 వరకు అమ్మింది. వాల్వు ప్రీ యాంప్లిఫయర్ కిట్టులు ఈనాటికీ దొరుకుతున్నాయి. మా మనవడు అటువంటిది ఒకటి తెప్పించి అతికించాడు. పలికింది గాని, మాట కంటె ముందు గుయ్ మనే ధ్వని పలికింది. మాకు తెలిసిన పాత రేడియో మెకానిక్ ఒకాయన వచ్చి చూసి, “బాబాయి గారూ, ముందు ఏ అంచె అరుస్తోందో తేల్చుకుందాం. టంకం కడ్డీ తరువాత” అన్నాడు. ఆయన చేసిన పని వరుసగా రాస్తున్నాను.

మైకు తీసివేసి, లోపలికి వచ్చే రెండు కొనలను కలిపేశాడు. రొద తగ్గలేదు. అంటే అది మైకు తీగ నుంచి వచ్చేది కాదు. కరెంటు తీసి, మొదటి వాల్వు ఊడదీసి మళ్లీ వేశాడు. ఈసారి నిశ్శబ్దం. దొంగ మొదటి అంచెలోనే ఉన్నాడని తేలింది.

వేడి తీగలకు వెళ్లే రెండు వైర్లను జడలాగ గట్టిగా మెలితిప్పి, ఛాసిస్ మూలకు ఒదిగించాడు. సగం బాధ అక్కడే పోయింది. తరువాత ఆ తీగలకు ఊగే కరెంటుకు బదులు, రెక్టిఫయరు, పెద్ద కండెన్సరు, రెగ్యులేటరు ద్వారా డీసీ ఇచ్చాడు. ఎర్త్ తీగలన్నిటినీ తలొకచోట అతికించకుండా ఒకేచోటికి తెచ్చాడు. కరెంటు ట్రాన్స్‌ఫార్మరును మొదటి వాల్వుకు దూరంగా జరిపాడు. దీనితో గుయ్ మనే ధ్వని వెతికినా దొరకలేదు.

మిగిలింది సుయ్ మనేది. పాత కార్బన్ రెసిస్టెన్సులలో వోల్టేజి పడినప్పుడు జాన్సన్ చెప్పిన దానికి మించిన రొద వస్తుంది. పలక దగ్గరున్న దానిని తీసి మెటల్ ఫిల్మ్ రకం వేశాడు. అన్నిటికంటె మేలు చేసినది మాత్రం వాల్వుకు ముందు చేర్చిన చిన్న మైకు ట్రాన్స్‌ఫార్మరు. అది మాటను పది రెట్లు చేస్తుంది. మైకులోని 0.18 మైక్రోవోల్టు రొద కూడా 1.8 అవుతుంది గాని, వాల్వు తన వంతుగా చేర్చే రెండో మూడో మైక్రోవోల్టులు మాత్రం పెరగవు. కనుక మాట పది రెట్లు ముందంజ వేస్తుంది. ఆపైన మిగిలే సన్నని సుయ్ ధ్వని ప్రకృతి సహజం. దానితో రాజీపడవలసిందే.

ఒక హెచ్చరిక. ఈ పెట్టెలలో 250 వోల్టులు, అంతకు మించి కూడా ఉంటాయి. స్విచ్చి తీసిన తరువాత కూడా కండెన్సర్లలో కరెంటు నిలిచి ఉంటుంది. తెలిసినవారు పక్కన లేకుండా పిల్లలు గాని పెద్దలు గాని మూత తీయవద్దు.

ఈ శ్రమ ఎందుకు, సెల్‌ఫోనులో రికార్డు చేసి తరువాత కంప్యూటరులో రొద తీసివేయవచ్చు గదా అని కొందరు అడుగుతారు. తీయవచ్చు. కాని సుయ్ మనే రొద ఉండే చోటనే మన స, శ, ఫ వంటి అక్షరాల ధ్వని కూడా ఉంటుంది. రొదను గట్టిగా గీకితే వాటి అంచులు కూడా అరిగిపోతాయి. వినికిడి తగ్గిన మన వయసువారికి మాట పోల్చుకోవడానికి ఆధారం ఆ అంచులే.

మన సభ్యులలో 80 దాటినవారు, 90కి చేరువైనవారు ఉన్నారు. వారు చెప్పే సర్వీసు విశేషాలు, ఇంటి ఆడవారు పాడే పెళ్లి పాటలు, మంగళహారతులు ఏ పుస్తకంలోనూ లేవు. అవి ఒక్కసారే రికార్డవుతాయి. మరొకసారి చేద్దామంటే మనిషి ఉండకపోవచ్చు. మొదటి అంచెలో చేరిన రొద ఆ గొంతుతోపాటు మనుమల మనుమల వరకు వెళుతుంది. కనుక మీ ఇంట పెద్దల మాట రికార్డు చేసే ముందు ఫ్యాను ఆపండి, మైకు నోటికి దగ్గరగా పెట్టండి, ఒక నిమిషం మౌనంగా రికార్డు చేసి విని చూడండి. ఆ నిశ్శబ్దం శుభ్రంగా ఉంటే మాట దానంతట అదే నిలబడుతుంది.