ధాన్యపు పనలనుండి మాత్రికల వరకు

నేడు కళాశాలలలో గణితము చదువు విద్యార్థికి మొదట మాత్రికలు నేర్పుదురు. వానిని కూడుట, గుణించుట అలవడిన పిదప నిర్ధారకముల లెక్కలు చేయింతురు. పాఠ్యపుస్తకముల వరుస ఇది. చరిత్ర నడచిన వరుస దీనికి తలక్రిందు. నిర్ధారకము పుట్టిన నూటయేబది యేండ్లకుగాని మాత్రిక అను దానికి పేరే యేర్పడలేదు. ఈ రెంటికిని తాతవంటి పద్ధతి యొకటి రమారమి రెండువేల యేండ్ల క్రిందటనే చీనాదేశమున వాడుకలో నుండెను. మేము అక్కడనుండియే ఆరంభించుచున్నాము.

‘తొమ్మిది అధ్యాయములు’ అని ప్రసిద్ధికెక్కిన చీనా గణిత గ్రంథము హాన్ వంశపు ప్రభువుల కాలమున రూపొందినది. క్రీ. శ. 263లో లియు హుయి అను పండితుడు దానికి వ్యాఖ్యానము వ్రాసెను. ఎనిమిదవ అధ్యాయములోని మొదటి లెక్క యిది. మేలురకపు పనలు 3, నడిమిరకపు పనలు 2, తక్కువరకపు పన 1 నూర్చగా 39 దౌల ధాన్యము వచ్చినది. దౌ అనునది వారి కొలత. మేలురకము 2, నడిమిరకము 3, తక్కువరకము 1 నూర్చగా 34 దౌలు. అదే వరుసలో 1, 2, 3 పనలు నూర్చగా 26 దౌలు. ఒక్కొక్క రకపు పనలో ధాన్యమెంత?

ఇట్టి అంకెలు మైక్రోఫోను ముందు చదివినచో వినువారి చెవిలో నిలువవు. పత్రికలో అచ్చగుచున్నవి గనుక పాఠకులు కాగితము తీసికొని మాతోకూడ రావచ్చును.

చీనా గణకులు ఈ అంకెలను లెక్కపలకమీద పుల్లలతో పేర్చిరి. ఒక్కొక్క నూర్పునకు ఒక్కొక్క నిలువు వరుస. కుడివైపున 3, 2, 1, 39. నడుమ 2, 3, 1, 34. ఎడమ 1, 2, 3, 26. నడిమి వరుసను 3 చేత గుణించి, దానినుండి కుడి వరుసను రెండు మారులు తీసివేసిరి. పై అంకె పోయి 5, 1, 24 మిగిలినవి. ఎడమ వరుసను గూడ 3 చేత గుణించి, కుడి వరుసను ఒక్కమారు తీసివేయగా 4, 8, 39 నిలిచినవి. ఇక ఈ కడపటి వరుసను 5 చేత గుణించి, 5, 1, 24 అను వరుసను నాలుగు మారులు తీసివేసినచో మిగులునవి 36, 99 మాత్రమే. తక్కువరకపు పనలు 36కు 99 దౌలు. అనగా పనకు రెండుముక్కాలు. వెనుకకు నడచిన కొలది నడిమిరకము నాలుగుంపావు, మేలురకము తొమ్మిదింపావు అని తేలును.

ఇది నేడు మన పాఠశాలలలో గౌస్ పేర చెప్పు పద్ధతియే. ఇట్టి మరికొన్ని లెక్కలలో తీసివేతకు అంకె చాలక సున్నకు దిగువకు పోవలసివచ్చినప్పుడు వారు వెనుదీయలేదు. ధనరాశులకు ఎఱ్ఱపుల్లలు, ఋణరాశులకు నల్లపుల్లలు ఉంచిరి. ఐరోపా పండితులు ఋణరాశిని అనుమానముతో చూచుచుండిన కాలమునకు ఇది ఎన్నియో శతాబ్దములు ముందటి మాట!

నిర్ధారకము జపానులోను జర్మనీలోను ఇంచుమించు ఒకే కాలమున పుట్టెను. ఒకరి సంగతి మరియొకరికి తెలియదు. జపానులో సెకి తకకజు 1683లో దానిని గూర్చి వ్రాసెను. లైబ్నిజ్ 1693లో ఫ్రెంచి గణితజ్ఞుడగు లోపితాల్‌నకు వ్రాసిన లేఖలో, ఏ సమీకరణమో తెలుపుటకు ఒక అంకెను, ఏ అవ్యక్తమో తెలుపుటకు మరియొక అంకెను గుర్తుగా వాడి, సమీకరణములు పొసగుటకు కావలసిన షరతును చూపెను. మనము నేడు గుణకముల క్రింద వ్రాయు జంట అంకెలకు మూలమదియే. 1750లో జెనీవా వాస్తవ్యుడు క్రామర్ తన పేర నిలిచిన సూత్రమును ప్రకటించెను. 1812లో కోషీ ఈ రాశికి నేటి అర్థమున నిర్ధారకమను పేరును స్థిరపరచెను. ఆ మాట అంతకుముందే 1801లో గౌస్ వేరొక సందర్భమున వాడినది.

ఈ క్రామర్ సూత్రము చూపునకు అందమైనది, చేతికి భారమైనది. మూడు అవ్యక్తముల నిర్ధారకమునకు 6 పదములు. నాలుగింటికి 24. అయిదింటికి 120. పదింటికి 36,28,800! అదే పదివరుసల నిర్ధారకమును చీనావారి వలె వరుసలను తీసివేయుచు సాధించినచో గుణకార భాగహారములన్నియు కలిసి 340కి మించవు. పై ధాన్యపు లెక్కనే చూడుడు. చివరకు మెట్లుగా నిలిచిన 3, 5, 36 లను గుణించగా 540. దారిలో మనము వరుసలను 3 చేత, మరల 3 చేత, 5 చేత గుణించితిమి; ఆ 45 చేత భాగించగా 12. అదియే ఈ లెక్కయొక్క నిర్ధారకము. ఆరు పదముల సూత్రముతో చేసినను 12 యే వచ్చును. మూడు అవ్యక్తములకు మించి క్రామర్ సూత్రముతో విద్యార్థులచేత అభ్యాసము చేయించుట వారి కాలమును వ్యర్థపరచుటయే యని మా యభిప్రాయము. దీనికి ఒప్పుకొనని యుపాధ్యాయులు పలువురున్నారు.

ఇక మాత్రిక సంగతి. జేమ్స్ జోసెఫ్ సిల్వెస్టర్ 1837లో కేంబ్రిడ్జి గణిత పరీక్షలో రెండవవాడుగా ఉత్తీర్ణుడయ్యెను. కాని పట్టము చేతికి రాలేదు. ఇంగ్లండు చర్చివారి మతసూత్రములకు సమ్మతి తెలుపుచు సంతకము చేసినవారికే ఆనాడు పట్టము. ఆయన యూదుడు, సంతకము చేయడయ్యెను. చట్టము మారిన పిదప, 1872లోగాని, కేంబ్రిడ్జి ఆయనకు పట్టమీయలేదు. అప్పటికి ఆయన వయస్సు ఏబది యెనిమిదేండ్లు. నడుమ బ్రతుకుతెరువునకై లండనులో భీమా కంపెనీలో లెక్కలు చూచెను, న్యాయశాస్త్రము చదివెను. అక్కడనే ఆర్థర్ కేలీతో స్నేహము కుదిరినది. కేలీ పదునాలుగేండ్లు న్యాయవాదిగా దస్తావేజులు వ్రాయుచునే రెండువందలకు పైగా గణితవ్యాసములు ప్రకటించినవాడు. న్యాయస్థానపు ఆవరణలలో పచారు చేయుచు ఈ యిరువురు మాటలాడినది వ్యాజ్యములను గూర్చి కాదు.

1850లో సిల్వెస్టర్, అడ్డు నిలువు వరుసలలో అమర్చిన సంఖ్యల పట్టికకు లాటినులో గర్భమను అర్థముగల మాటను పేరుగా పెట్టెను. దానిలోనుండి చిన్న చిన్న నిర్ధారకములు పుట్టుచున్నవి గనుక తల్లి యనెను. మన పుస్తకములందలి మాత్రిక అను మాట చెవికి దానికి దగ్గరగానే యున్నది.

పేరు సిల్వెస్టరుది, బీజగణితము కేలీది. 1858 నాటి తన వ్యాసములో కేలీ ఆ పట్టికను ఒకే రాశిగా గ్రహించి దానికి కూడిక, గుణకారము, విలోమము ఏర్పరచెను. గుణకారమును ఆ విధముగా, అడ్డు వరుసను నిలువు వరుసతో జతపరచి, ఏల చేయవలెనని విద్యార్థులు అడుగుదురు, న్యాయమైన ప్రశ్న. రెండు రాశులను ఒక నియమము ప్రకారము మార్చి, మారినవానిని వేరొక నియమము ప్రకారము మరల మార్చినచో, రెండు మార్పులకు బదులు ఒక్క మార్పుగా చేయు నియమమేది? దానికి లభించు సమాధానమే ఆ గుణకారము. చొక్కా తొడిగి కోటు తొడుగుటయు, కోటు తొడిగి చొక్కా తొడుగుటయు ఒక్కటి కానట్లే, ఇచ్చట వరుస మారిన ఫలము మారును. ఒక మాత్రిక పై వరుస 1, 1. క్రింది వరుస 0, 1. వేరొకదాని పై వరుస 1, 0. క్రింది వరుస 1, 1. మొదటిదానిని ముందుంచి గుణించినచో 2, 1; 1, 1 వచ్చును. రెండవదానిని ముందుంచినచో 1, 1, 1, 2. లబ్ధములు వేరైనను రెంటి నిర్ధారకము 1 యే. కోషీ 1812లో నిరూపించిన నియమమిది. అభ్యాసము చేయువారికి తప్పు పట్టుకొనుటకు ఇంతకన్న సులువైన సాధనము లేదు.

నిర్ధారకము సున్న యైనచో విలోమము లేదు. ధాన్యపు లెక్కలో మూడవ నూర్పు 5, 5, 2 పనలని యనుకొందము. ఇది మొదటి రెండు నూర్పుల మొత్తమే. ఫలము 73 దౌలని చెప్పినచో కొత్త సంగతి యేదియు తెలియలేదు. సమాధానములు లెక్కకు మిక్కిలి. 70 దౌలని చెప్పినచో ఎక్కడనో కొలత తప్పినది, సమాధానమే లేదు. గణాంకశాస్త్రమున ఇట్టి పట్టికలు తరచుగా తారసపడును.

వానికి గూడ పనికివచ్చు విలోమమును పెంపొందించిన వారిలో ఒకరు మన కల్యంపూడి రాధాకృష్ణ రావు. 1920లో హూవిన హడగళిలో తెలుగు కుటుంబమున జన్మించి, ఆంధ్ర విశ్వవిద్యాలయమున గణితము చదివి, 2023 ఆగస్టులో నూటరెండేండ్ల వయస్సున దివంగతులైరి. సుజిత్ కుమార్ మిత్రతో కలిసి ఆయన ఈ విషయముపై వ్రాసిన గ్రంథము 1971లో వెలువడినది. క అను మాత్రికకు గ అను మాత్రికను వెదకవలెను. క, గ, క లను వరుసగా గుణించిన తిరిగి క యే రావలెను. ఇంతమాత్రమే వారు కోరినది. ఆ గ దొరకినచో, 73 దౌల లెక్కకు అది ఒక సమాధానమును చూపి తక్కినవి దానినుండి యెట్లు వచ్చునో తెలుపును. 70 దౌల లెక్కకు సమాధానము లేదని పట్టి యిచ్చును.